రాగి గొట్టం పాఠం

వెంగ్ చెవుల గురించి ఇపో ఊళ్ళో చెప్పుకునే కథల్లో సగం నేను పుట్టించినవే. తక్కిన సగం నిజంగా జరిగినవి గనక వాటిని ఎవరూ నమ్మరు.

ఒకటి చెబుతాను. పాతికేళ్ళ కిందట వెంగ్ రోడ్డు పక్క హోటల్లో కూర్చుని, మొలకలతో వడ్డించే కోడి తింటున్నాడు. ఎదురుగా ఒక లారీ పోయింది. నోట్లోంచి ఎముక తీసి, "వెనక కుడి చక్రం బేరింగు. తాపా ఊరు దాటదు" అన్నాడట. మళ్ళీ ఎముక నోట్లో పెట్టుకున్నాడట. ఆ లారీ తాపా దాటలేదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని తోలుతున్నవాణ్ణి నేనే. ఊడిన చక్రాన్ని తోటలోంచి వెతికి తెచ్చుకున్నాక, ఆ మాట అన్నవాణ్ణి కూడా వెతుక్కుంటూ వచ్చాను. అప్పటినుంచీ వెంగ్ షెడ్డులో నా స్టూలు నాకుంది. పెట్రోలు టాంకులో కుంటి చీమ నడిస్తే అది ఏ కాలు ఈడుస్తోందో వెంగ్ చెప్పగలడన్నది మాత్రం తర్వాత నేను కలిపిన ముక్క.

నాదిరా ఆ షెడ్డుకి వచ్చింది ఆ పేరు వినే. ఇరవయ్యేడేళ్ళ పిల్ల. వారమంతా కొరియరు వాను తోలుతుంది. వాళ్ళ మామయ్య వాడి వదిలేసిన జపాన్ బండి ఒకటి ఉంది ఆమెకి. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు. అందులో ఎక్కినట్టు ఉండదు, తొడుక్కున్నట్టు ఉంటుంది. సెపాంగ్ పందేల మైదానంలో ఒక జట్టు వాళ్ళు ఏడాదికి ఒక్క ఆదివారం తలుపు తెరుస్తారు. సొంత బండితో వచ్చి, ఒక్క చుట్టు రెండు నిమిషాల నలభై సెకన్లలోపు తిరిగినవాళ్ళకి జట్టులో సీటు. నాదిరా మూడేళ్ళుగా ఆ తలుపు తడుతోంది. మూడేళ్ళూ రెండు నిమిషాల నలభై ఏడు దగ్గరే ఆగిపోయింది.

"గాడిదనెక్కి గుర్రప్పందేనికి పోతే ఎలాగమ్మా?" అన్నాను నేను.

"అందుకే అంకుల్, గాడిదకి రెక్కలు కట్టించుకుందామని వచ్చాను" అని, డిక్కీలోంచి పెద్ద అట్టపెట్టె దింపింది. థాయిలాండు నుంచి తెప్పించిన టర్బో సామాను.

టర్బో అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఇంజను వదిలే పొగతోనే ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో దానికే గాలి కుక్కడం. తిని లేచినవాణ్ణి మళ్ళీ పీట మీద కూలేసి వడ్డించే అత్తగారి మర్యాద అన్నమాట. బలం వస్తుంది. అయితే ఆ ఇంజను అత్తగారింటి భోజనానికి పుట్టింది కాదు. ఎక్కువ కుక్కితే లోపల మంట వేళ కాకముందే అంటుకుంటుంది. పిస్టన్ పైకి వస్తూ ఉండగానే నెత్తిన సుత్తి పడుతుంది. అలా పది దెబ్బలు పడితే పిస్టన్ కరిగి కారుతుంది.

వెంగ్ తొమ్మిది రోజులు పనిచేశాడు. అంత శ్రద్ధగా పనిచేయడం నేను ఎప్పుడూ చూడలేదు. టర్బోలోంచి నూనె తిరిగి వచ్చే గొట్టం వాలు కోసం ఒక పూటంతా నేల మీద పడుకున్నాడు. "నూనె ఇంటికి దిగి వెళ్ళాలి, మెట్లెక్కి వెళ్ళకూడదు" అన్నాడు. మొదటిసారి స్టార్టు చేసే ముందు నిప్పు అందకుండా తీగ పీకేసి, ఊరికే ఇంజను తిప్పి తిప్పి, టర్బోకి నూనె తాగించాడు. తర్వాత షెడ్డు మూలనున్న ఎర్ర పీఠం మీది దేవుడికి మూడు అగరొత్తులు గుచ్చి తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. నాదిరా ఎగిరి గంతేసింది.

ఇక మిగిలింది ఒక్కటే పని. నిప్పు ఎప్పుడు పడాలో దిద్దడం. ఇంజను వెనక ఒక చిన్న డబ్బా ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి అటు తిప్పితే బలం, ఇటు తిప్పితే ప్రాణం. కౌలాలంపూర్‌లో ఈ పని కంప్యూటరు పెట్టి చేస్తారు. వెంగ్ చెవి పెట్టి చేస్తాడు. రాగి గొట్టం ఒక కొసని సుత్తితో చదును చేసి ఇంజను దిమ్మకి బోల్టుతో బిగిస్తాడు. రెండో కొసకి పొడుగాటి రబ్బరు గొట్టం. అది బండి లోపలికి వచ్చి, విమానాల దగ్గర పనివాళ్ళు పెట్టుకునే లాంటి చెవి డొప్పల్లో తేలుతుంది. ఎగువదారిన బండిని తొక్కిస్తూ, డొప్పలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. ఆ సుత్తి పడబోయే ముందే అతనికి వినిపిస్తుంది.

ఆ విద్య ఎవరికీ చెప్పలేదు. ముగ్గురు శిష్యులు అతని దగ్గర పని నేర్చి సొంత షెడ్లు పెట్టుకున్నారు. ముగ్గురికీ అన్నీ నేర్పాడు, అదొక్కటి తప్ప. డొప్పలు తీసే వేళకి, "పోయి కోపీ తాగి రండి" అని అందరినీ బయటికి తోలేసేవాడు. ఇక్కడి సిఫూలందరిదీ, అంటే పని నేర్పే గురువులందరిదీ, అదే పద్ధతి. అన్నీ నేర్పినా ఒక చెయ్యి దాచుకుంటారు. లేకపోతే శిష్యుడు రేపు ఎదురుగా షెడ్డు పెట్టి గురువుకే పంగనామాలు పెడతాడని భయం. వెంగ్ గురువు కూడా దాచుకున్నవాడే. వెంగ్ ఒక లారీ కింద మూడు గంటలు గోనెసంచిలా పడుకుని దొంగతనంగా చూసి నేర్చుకున్నాడు.

నాదిరా బండి దిద్దాల్సిన ముందురోజు గురువారం. నాకు అనుమానం రావడం ఆ రోజే మొదలు కాదు. ఆరు నెలల్లో అతను దిద్దిన ఇంజన్లు రెండు పోయాయి. మొదటిదానికి పెట్రోలు కల్తీ అన్నాడు. రెండోదానికి పిస్టన్లు దొంగ సరుకు అన్నాడు. మాట్లాడుతుంటే కళ్ళు చూడడం మానేసి నోరు చూడడం మొదలుపెట్టాడు. గురువారం పొద్దున ఒక లారీ వెనక్కి వస్తూ అతని వీపు దాకా వచ్చింది, హారను మోగుతూనే ఉంది. నేను చొక్కా పట్టి లాగాను. "చీమ కుంటుతుంటే వింటావు, ఏనుగు తొక్కుతుంటే వినవేం?" అన్నాను. "ఆలోచనలో ఉన్నాను" అన్నాడు.

అతను అటు తిరిగాక వెనక నిలబడి మామూలు గొంతుతో అన్నాను. "వెంగ్, నీ షెడ్డు తగలబడుతోంది."

అతను నిదానంగా గుడ్డతో స్పానరు తుడుచుకుంటూనే ఉన్నాడు.

 వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాను.

శుక్రవారం పొద్దున నాదిరా వచ్చింది. పది గంటలకి సింపాంగ్ పులాయి నుంచి కామెరాన్ కొండెక్కే దారిలో బండి దిద్దాలి. ఆమె తోలడం, వెంగ్ వినడం. శనివారం సెపాంగ్ ప్రయాణం. ఆదివారం పందెం. నేను ఆమెని నాసి లెమాక్ కొబ్బరన్నం బండి పక్కకి తీసుకెళ్ళాను.

"అమ్మాయ్, వెంగ్‌కి చెవుడు."

పకపకా నవ్వింది. "నిన్ననేగా అంకుల్, దోమ గొంతు విని అది ఆడదో మగదో చెప్పాడన్నారు!"

"అది అబద్ధం. ఇది నిజం."

"మొన్న మీ లారీ చక్రం మీకంటే ముందు తాపా చేరి టీ తాగుతోందన్నారు. అదీ నిజమేనా?"

"ఒట్టు తల్లీ. ఆ ఇంజను కొండ మీద సుత్తి దెబ్బలు తింటుంది, ఆయన బొటనవేలు ఎత్తి బాగుందంటాడు. నీ ఆదివారం బూడిదవుతుంది."

"మీ ఇద్దరూ మళ్ళీ దెబ్బలాడుకున్నారా? ఏం చేశాడు, మీ కోపీ తాగేశాడా?" అని, పొట్లం విప్పుకుంటూ వెళ్ళిపోయింది. డెబ్బయ్యేళ్ళు ఊరికే కోతలు కోసుకుంటూ తిరిగినవాడు ఒక్క నిజం అప్పజెప్పాలంటే ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. ఆమె వెనకే పరుగెత్తాను.

వెంగ్ అప్పటికే సీట్లో కూర్చుని డొప్పలు పెట్టుకున్నాడు. ఇంజను తిరుగుతోంది. బయలుదేరే ముందు నిలకడ మీద ఒకసారి వింటానన్నాడు. కళ్ళు మూసుకుని, "తొక్కు" అని చెయ్యి ఊపాడు. నాదిరా బయట నిలబడి, ఇంజను దగ్గరే చేత్తో వేగం పెంచింది. నాకు ఇంకేమీ తోచలేదు. వంగి, రాగి గొట్టం నుంచి రబ్బరు గొట్టాన్ని లాగేసి, దాని కొస ఆమె అరచేతిలో పెట్టాను.

నాదిరా నావైపు మండిపడుతూ చూసింది. చేతిలో గొట్టం, ఎదురుగా అరుస్తున్న ఇంజను.

వెంగ్ లోపల తల ఊపుతున్నాడు. పాట వింటున్నవాడిలా. "శుభ్రంగా ఉంది. మంచినీళ్ళలా ఉంది. ఇంకొంచెం తొక్కు... ఆఁ, బంగారం."

నాదిరా ఇంజను వేగం తగ్గించేసింది. సీటు అదురు తగ్గేసరికి వెంగ్ కళ్ళు తెరిచాడు. పక్కకి తొంగి ఆమె ముఖం చూశాడు. తర్వాత ఆమె చేతిలో గొట్టం చూశాడు. నన్ను చూశాడు.

 వెంగ్ డొప్పలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది సిఫూ?" అంది నాదిరా. అతను నోరు చూసేలా మెల్లగా అంది.

"రెండేళ్ళు. మొదట సన్న చప్పుళ్ళు పోయాయి. పిట్టలు, తాళాల గుత్తి... తర్వాత ఆ సుత్తి చప్పుడూ పోయింది."

"తెలిసి కూడా నా బండి తీసుకున్నారా?"

"ఒక్కసారి వినిపిస్తుందేమో అనుకున్నాను. నీ బండి బాగా చేశానమ్మాయ్. అన్నీ బాగా చేశాను. ఇదొక్కటీ..." మాట పూర్తి చేయలేదు.  

నాదిరా ఫోను తీసి కౌలాలంపూర్ వాళ్ళకి చేసింది. కంప్యూటరు పెట్టేవాడు వచ్చే నెల రమ్మన్నాడు. ఆ ముగ్గురు శిష్యులకీ నేను చేశాను. ఇద్దరు, "కంప్యూటరు లేని బండి మేం ముట్టుకోం అంకుల్" అన్నారు. మూడోవాడు పెద్దవాడు. "వినడం మాకు నేర్పితే కదా" అన్నాడు. ఆ మాట వెంగ్‌కి చెప్పలేదు. అతను నా నోటికేసే చూస్తున్నాడు, అందుకే మొహం తిప్పుకున్నాను.

"టర్బో పీకేయండి. పాతలాగే వెళతాను" అంది నాదిరా.

"పీకి పాతవన్నీ బిగించడానికి నాలుగు రోజులు. రేపు నువ్వు బయలుదేరాలి" అన్నాడు వెంగ్.

ఆ పిల్ల బండి పక్కనే నేల మీద చతికిలబడింది. తల మోకాళ్ళలో పెట్టుకుంది. కొంతసేపటికి లేచి, వెంగ్ ఒళ్ళోంచి డొప్పలు తీసుకుంది.

"నాకు నేర్పండి."

"ఒక్క పూటలో రాదు."

"నాకు ఉన్నది ఒక్క పూటే."

"అది కాదమ్మాయ్. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఆ చప్పుడు చేయదు. నీకు వినిపించాలంటే నేను కావాలని దాన్ని కొట్టించాలి. నీ ఇంజనునే. నువ్వు తెలుసుకునేలోపు పిస్టన్ కరగొచ్చు. అప్పుడు పాఠం ఉంటుంది, బండి ఉండదు."

నాదిరా నా వైపు చూసింది.  

"పదండి" అంది.

కొండ మొదట్లో, రోడ్డు పక్క బండ్లు ఆపుకునే చోట నేను పికప్పులో సామాన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆ బండిలో రెండే సీట్లు. వెంగ్ తోలుతున్నాడు, నాదిరా డొప్పలు పెట్టుకుంది. లోపల జరిగింది తర్వాత ఆమె చెప్పిందే, నేను ఉప్పూ కారం వేయలేదు.

"ఎలా ఉంటుందో ముందు మాటల్లో చెప్పండి" అందట.

"పాలడబ్బాలో గులకరాళ్ళు అంటారు జనం. అది ఇంజను చచ్చేముందు చప్పుడు. అది వినేసరికి పని అయిపోతుంది. నీకు కావలసింది దానికి ముందుది." వెంగ్‌కి మాట దొరకలేదట. నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచినదానికి పేరు ఎక్కడుంటుంది? చివరికి అన్నాడట, "మా అమ్మ కాగే నూనె మీద తడిచెయ్యి విదిల్చేది. అలా."

"సంబల్ కారం వేయించేటప్పుడు నీళ్ళచుక్క పడితే వస్తుందే, అదా?"

"అదే. మూడోవంతు అంత. ఎక్కడో పక్కింట్లో వేయిస్తున్నట్టు. వినబడగానే ముందున్న డాష్‌బోర్డు మీద చేత్తో కొట్టు. నాకు వినబడదు, స్టీరింగు మీది చేతికి తెలుస్తుంది. కొట్టగానే కాలు తీస్తాను."

అతను పన్నెండో నంబరు స్పానరుతో డబ్బాని ముందుకి తిప్పాడు. తిప్పిన చెయ్యి మాటిమాటికీ వెనక్కి వచ్చింది. మళ్ళీ తిప్పాడు. నిప్పు తొందరపడేలా, ఇంజను కొట్టుకునేలా, తన చేతులతో తనే. బండి కొండెక్కింది. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. పైన మలుపులో ఇంజను గొంతు పెరిగింది, టర్బో ఈల వేసింది, ఠక్కున ఆగిపోయింది.

నేను పికప్పు దిగి దారికేసి చూశాను.

కిందికి దిగి వచ్చారు.  నాదిరా అంది, "విన్నాను అంకుల్. విన్నాననుకుంటా. రెండు చిటపటలు."

"రెండేనా?" అన్నాడు వెంగ్.

"మూడు. మొదటిదానికి ఇదేనా అని ఆగాను."

వెంగ్ ప్లగ్గులు విప్పాడు. కాలిన చేతిని చొక్కాకి తుడుచుకుంటూ ఒక్కొక్కటే ఎండకి ఎత్తి చూశాడు. ఒకటి తెలుపు. రెండు తెలుపు. మూడోదాని పింగాణీ మీద రెండు వెండి చుక్కలు, మిరియప్పొడి అంత. నాలుగు తెలుపు.

"ఇది పిస్టన్ ఒంటి మీది లోహం. మూడో పిస్టన్. ఆ ఆగిన ఒక్క దెబ్బకి ఊడింది. తిరిగి అతుక్కోదు" అన్నాడు.

"ఆదివారం దాకా ఆగుతుందా?"

"నిప్పు సరిగ్గా దిద్దితే ఆగొచ్చు. ఇంకో దెబ్బ తింటే ఆగదు."

డబ్బాని వెనక్కి తిప్పాడు. మళ్ళీ కొండ. డాష్‌బోర్డు మీద చెయ్యి పడింది. ఇంకా వెనక్కి. మళ్ళీ కొండ. మొత్తం పదకొండుసార్లు. ప్రతిసారీ వెంగ్ అడిగేవాడు, "ఇప్పుడు?" ఆమె తల అడ్డంగానో నిలువుగానో ఊపేది. ఆమె అటు తిప్పమంటే అతను అటు తిప్పాడు, ఇటు అంటే ఇటు. ఒకరు చెబితే తన స్పానరు తిరగడం అతని బతుకులో అదే మొదలు. పదకొండోసారి కొండ చివరిదాకా ఈల తెగకుండా వినిపించింది. దిగి వచ్చాక నాదిరా డొప్పలు తీసి, "శుభ్రంగా ఉంది సిఫూ" అంది.

"నిజంగా?"

"నిజంగా."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లు చెప్పింది. అయినా అతని ముఖంలో నమ్మకం రాలేదు. అది ఆమె మీద అపనమ్మకం కాదనుకుంటా. అర్ధరాత్రి చీకట్లో గోడ పట్టుకు నడిచేవాడికి గోడ లేకుండా పోతే ఉండే ముఖం అది. ప్లగ్గు మళ్ళీ తీసి చూశాడు. ఆ రెండు చుక్కలే. మూడోది రాలేదు.

ఆదివారం షెడ్డు మూసే ఉంది గాని మేమిద్దరం లోపలే ఉన్నాం. వెంగ్ వీధివైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఫోను మోగితే చెప్పమని నా చేతిలో పెట్టాడు. అది మోగలేదు. నేను నాలుగు కథలు మొదలుపెట్టాను, ఒక్కటీ చివరకి రాలేదు.

సాయంత్రం అయిదున్నరకి వీధి చివర ఆ ఇంజను వినిపించింది. లాగించుకుని కాదు, తన కాళ్ళ మీదే వస్తోంది. నేను వెంగ్ భుజం తట్టాను. బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. నాదిరా దిగింది. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని నిలబడింది.

"ఎంత?" అన్నాడు వెంగ్.

"రెండు నిమిషాల నలభై. పైన మూడు పదోవంతులు."

మూడు పదోవంతులంటే రెప్పపాటు. ఆ రెప్పపాటుకి అవతల సీటు.

"అయిదో చుట్టు, అదే ఆఖరిది. సరిపోయేది. చివరి మలుపు తిరిగాను, ముందర తిన్నటి దారి, ఇక తొక్కడమే. గొట్టం కొస హెల్మెట్ కిందికి దోపుకున్నాను." ఆమె తల ఎత్తలేదు. "వినిపించింది. పక్కింట్లో వేయిస్తున్నట్టు. నా కాలు నన్ను అడక్కుండా లేచిపోయింది. మీరు నేర్పకపోయుంటే తొక్కేదాన్ని సిఫూ. ఏమీ తెలియకుండా తొక్కేసేదాన్ని. ఇంకో రెండు వందల మీటర్లే."

వెంగ్‌కి ఆమె పెదవులు కనపడలేదు. "ఏమంటోంది?" అని నన్ను అడిగాడు.

అతని ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, ఆమె అన్నది అన్నట్టు చెప్పాను. వీధి మొత్తానికి వినబడే ఉంటుంది.

అతను లేచి బానెట్ ఎత్తాడు. ఇంజను ఇంకా కాలుతోంది. గుడ్డ పట్టుకుని మూడో ప్లగ్గు విప్పాడు. చిన్న టార్చి వేసి, ఆ కంతలోంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పిస్టన్ ఉంది" అన్నాడు.

"అది నాకూ తెలుసు, తోలుకుంటూ వచ్చాగా!" నాదిరా అరిచింది. తల ఎత్తి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ రెండు వందల మీటర్లు ఆగేదా? అది చెప్పండి. తొక్కి ఉంటే ఆగేదా, ఆగేది కాదా?"

వెంగ్ ప్లగ్గుని వెలుగుకేసి తిప్పాడు. ఇప్పుడు చుక్కలు నాలుగు. మళ్ళీ తిప్పాడు.  ఆగేది కాదంటే ఆ పిల్ల నిద్రపోగలదు. ఆ ఒక్క మాట అంటాడేమోనని చూశాను.

"తెలీదు" అన్నాడు.

నాదిరా అతన్ని తిట్టింది. చెవిటి ముసలాడన్నది, దొంగన్నది, నలభై ఏళ్ళు దాచినవాడు ఇంకో వారం దాచలేకపోయావా అన్నది. వెంగ్ ముఖం తిప్పుకోలేదు. ప్రతి మాటా ఆమె నోటి మీద చదువుకుంటూ నిలబడ్డాడు. ఆమె మాటలు అయిపోయాక, ఎర్రబడ్డ కళ్ళు మోచేత్తో తుడుచుకుని, అతని చేతిలోంచి ప్లగ్గు లాక్కుంది. తనే బిగించింది. లోపలికి వంగి తాళం తిప్పింది. డొప్పలు పెట్టుకుని, ఇంజను మీదికి వంగి, ఒక చేత్తో మెల్లమెల్లగా వేగం పెంచుతూ వింది.

వెంగ్ పన్నెండో నంబరు స్పానరు పట్టుకుని, ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.